నెమరు తిరిగిందనుకున్నాం

మా వైపు పరగడుపున మాత్ర మింగే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఎంత చిన్న మాత్రయినా ముందు కడుపులో నాలుగు మెతుకులు పడాలి. అన్నం వేళ కాకపోతే బిస్కెట్టు, అదీ లేకపోతే అరటిపండు ముక్క. లేకుంటే మాత్ర పేగుల్ని కాలుస్తుందని అందరి నమ్మకం. చీటీలో డాక్టరు ఏం రాసినా, మందుల షాపులో ఏం చెప్పినా, ఇంటికి వచ్చేసరికి అది ‘తిన్నాక’ అయిపోతుంది. మా వదిన, అంటే మా ఆయనకు అక్క, ఆ నమ్మకంతోనే మార్కాపురంలో మా ఇంటికి వచ్చింది. పది రోజులు పోట్లాడి ఆ నమ్మకాన్ని ఓడించాను. నోటితో గెలవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ ఒక్క వాదంలో ఓడిపోయి ఉంటే ఏమయ్యేదా అని ఆలోచించని రోజు ఇప్పుడు లేదు.

వదినది పుల్లలచెరువు దాటాక అడవి అంచున ఉండే పల్లె. పెళ్లయిన ఎనిమిదేళ్లకే భర్త పోయాడు. పిల్లలు లేరు. మిగిలింది గొర్రెలు. వాటిని ఎవరికీ అప్పగించకుండా తానే కర్ర పట్టుకుని ముప్పై ఏళ్లు మేపింది. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు. వాగు అవతల దారి తప్పిన గొర్రెను ఇవతల నుంచే తిట్టి వెనక్కి రప్పించేది. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, పదిమందిలో నన్ను నిలబెట్టి ఏం చదివావని అడిగింది. బీయస్సీ, జువాలజీ అన్నాను. అంటే ఏందని అడిగింది. జంతువుల చదువు అన్నాను. సూడి గొర్రెనొకదాన్ని లాక్కొచ్చి, దీని కడుపులో పిల్లలెన్నో చెప్పమంది. నేను తెల్లమొహం వేశాను. ఆమె అడుగు పొట్ట తడిమి రెండు అంది. రెండే పుట్టాయి. ఆ పందెం మా ఇద్దరి మధ్య పాతికేళ్లు నడిచింది. ఆమె నన్ను ‘చదువుకున్న మరదలు’ అనేది, తిట్టులాగా.

చక్కెర జబ్బు ఆమెకు పదిహేనేళ్లుగా ఉంది. బుద్ధి పుట్టినప్పుడు మాత్ర వేసుకునేది, లేనప్పుడు లేదు. మొదట్లో రెండు ముద్దలకే కడుపు నిండిందనేది. తర్వాత సాయంత్రం తిన్నది తెల్లవారి కక్కడం మొదలైంది, అదీ నమిలింది నమిలినట్టే. ఒకరోజు ఆమె మరిది ఫోన్ చేసి, గొర్రెల వెనక నడవలేక చేలో కూలబడిపోయిందని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పాడు. మేం ఆటో మాట్లాడుకుని వెళ్లాం. ఆమె దొడ్డి కంచెకు ఆనుకుని కూర్చుని, ఏ గొర్రె ఎట్లాంటిదో మరిదికి చెబుతోంది. ఫలానాది పత్తి చేను కనబడితే ఆగదు, ఫలానాదానికి మొదటి ఈత కష్టమైంది, చూసుకో అని. అప్పగింతల్లాగా ఉంది. నాకు భయం వేసింది, అందుకే గొంతు పెంచాను.

“శివరాత్రికల్లా వచ్చి దించిపోతా. నీ నోటిని అంతకన్నా ఎక్కువ రోజులు నా ఇంట్లో నేను భరించలేను,” అన్నాను.

“మాటిచ్చినావు జూడు. వీళ్లంతా విన్నారు,” అంది. ఆ మాట మీదే ఆటో ఎక్కింది. అప్పుడు కార్తీకం. శివరాత్రి ఎంతో దూరం లేదు.

మా ఇంట్లో పలకల పని. మా ఆయన కార్ఖానాలో రాయి కోయిస్తాడు, నేను కొనేవాళ్లతో మాట్లాడతాను. చదివిన జువాలజీ పిల్లల హోంవర్కుకు కూడా పనికిరాకుండా పాతికేళ్లు మూలన పడి ఉంది. వదిన రావడంతో దానికి ప్రాణం వచ్చింది. ఇక్కడి డాక్టరు చక్కెరకు ఇన్సులిన్ రాస్తే, రోజూ నేనే సూది వేశాను. చక్కెర జబ్బుకు పీచు పదార్థం మంచిదని చదివాను. జొన్నరొట్టె, కొర్రన్నం, పూటపూటకూ ఆకుకూర. గోంగూర, తోటకూర, చిక్కుళ్లు. ఆమె కాస్త తెల్లన్నంలో చారు పోసి పెట్టమని అడిగితే, తెల్లన్నం నీకు విషం అన్నాను. కక్కుకుంటే, సరిగ్గా నమలడం లేదని తిట్టాను. చిన్నప్పటి నుంచి సంగటి మింగిన మనిషికి నమలడం రాదని చుట్టాలందరికీ ఫోన్లో చెప్పాను. ఆమె చిక్కిపోతూ వచ్చింది. నేను ఆకుకూరలు పెంచుతూ వచ్చాను.

చివరికి రైలెక్కించి గుంటూరు తీసుకుపోయాం. కడుపు డాక్టరు ముందు రోజు సాయంత్రం నుంచి ఏమీ పెట్టొద్దన్నాడు. పెట్టలేదు. పొద్దున నోట్లోంచి గొట్టం వేసి చూస్తూ, నన్ను కూడా తెర దగ్గరికి పిలిచాడు. ఎర్రటి తడి గోడలు, వాటి నడుమ ఆకుపచ్చటి ముద్ద. ఇదేంటమ్మా అని అడిగాడు. గోంగూర అన్నాను. ఎప్పుడు పెట్టారు అన్నాడు. వేళ్లు మడిచి లెక్క పెట్టాను. మొన్న మధ్యాహ్నం పెట్టాను.

గొట్టం తీశాక ఆమెకు కూడా చెప్పారు. గొంతు గీరుకుపోయి మాట రావడం లేదు, అయినా ఊరుకోలేదు.

“మొన్నటిదింకా ఆడ్నే ఉందా? నీ వంట నాకే నచ్చలేదనుకుంటి. నా పొట్ట గూడ ముట్టుకోలే గదా మరదలా.”

డాక్టరు నవ్వాడు, నర్సు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత ఇంకో పరీక్ష. ఇడ్లీలో ఏదో మందు కలిపి తినిపించి, అది ఎంతసేపటికి కిందికి దిగుతుందోనని గంటగంటకూ యంత్రం కింద పడుకోబెట్టి చూశారు. నాలుగు గంటలకు కూడా ఇడ్లీ చాలా వరకు పెట్టినచోటే ఉంది. పుండు లేదు, గడ్డ లేదు, ఎక్కడా అడ్డు లేదు. చక్కెర కాళ్ల నరాలను తిన్నట్టే పొట్టను పిండే నరాన్ని కూడా తినేసిందట. పొట్ట తన పని మానేసి తిత్తిలాగా వేలాడుతోంది. తిన్నది దాని బరువుకు అది జారితే జారింది, లేకపోతే పైకి వచ్చింది. ఇన్సులిన్ వేసిన వేళకు తిండి దిగదు కాబట్టి చక్కెర ఉన్నట్టుండి పడిపోయేదని, మా ఇంట్లో అప్పుడప్పుడు చెమటలు పట్టి కళ్లు తేలేసేది అందుకేనని అప్పుడు తెలిసింది. పోయిన నరం మళ్లీ రాదన్నాడు. పొట్టను కదిలించే మందులు మాత్రం ఉన్నాయన్నాడు.

పీచు మానేయమన్నాడు. మెత్తటి తెల్లన్నం, చారు, పలచటి మజ్జిగ, కొద్దికొద్దిగా రోజుకు ఆరుసార్లు. నేను ఊరుకుంటానా, చక్కెర జబ్బుకు పీచు మంచిదని మీ డాక్టర్లే కదా చెబుతారు అని నిలదీశాను. అది పొట్ట నడిచేవాళ్లకమ్మా అన్నాడు. ఇన్ని రోజులు నేను విషం అన్నదే ఆమెకు పథ్యం, పథ్యమని పెట్టిందే ఆమె పొట్టలో కుళ్లింది. తిరుగు రైల్లో ఆమె ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది, జవాబు తయారు చేసుకుని కూర్చున్నాను.

మాత్ర పేరు మెటోక్లోప్రమైడ్. తిండికి అరగంట ముందు, రోజుకు మూడు. నెలకు రాసి, నెల తర్వాత రమ్మన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. చెప్పలేదని అబద్ధం ఆడను. చేతులు వణికినా, మొహంలో ఏదైనా తేడా కనబడినా మాత్ర ఆపేసి వెంటనే రమ్మన్నాడు. నేను బుర్ర ఊపాను. వణుకు అన్న మాట గుర్తు పెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక రోజూ ఆమె చేతుల్నే చూసేదాన్ని.

ఇక పరగడుపు యుద్ధం. మొదటి రోజే ఆమె మాత్రను కొంగున కట్టుకుని, అన్నం తిన్నాక మింగింది. ఎందుకని అడిగితే కడుపు కాలుతుంది అంది. తిండి రాకముందే పొట్టను నిద్ర లేపాలి, అందుకే అరగంట ముందు అని చెప్పాను. నిద్రపోయేదాన్ని లేపితే కరుస్తది అంది. పటం గీసి చూపించాను. గొర్రె పొట్టలాగా లేదే ఇది అంది. వారమైనా దారికి రాకపోతే, కార్ఖానా నుంచి అంచు విరిగిన పలక ఒకటి తెచ్చి వంటింటి గోడకు తగిలించాను. బలపంతో మూడు వేళలు రాశాను. మాత్ర నా ఎదురుగా మింగితేనే ఆ వేళ పక్కన గీత, గీత పడిన అరగంటకే కంచం. గీత లేకపోతే కంచం లేదు. తెల్లారగానే పలక తుడిచి మళ్లీ కొత్తగా మొదలు. పదో రోజుకు ఆమె లొంగింది. ఇదేం బడి, చదువు పొట్టకొచ్చింది అని సణుగుతూనే పరగడుపున మింగింది. మా బజారులో ఎవరి ఇంట్లోనూ జరగని పని మా ఇంట్లో జరుగుతోందని నాకు గర్వం.

మూడో వారంలో మందు పనిచేసింది. ఈ మాట ఒప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దానివల్లే జరిగింది. ఆమె చారన్నం తిని, కంచం జరపకుండా కూర్చుని, ఇంకొంచెం ఉందా అని అడిగింది. ఆ మాట మా ఇంట్లో ఆమె నోట మొదటిసారి వినడం. వంటింట్లోకి పోయి గిన్నె అడుగు కూడా గీకి తెచ్చాను. కక్కుడు ఆగింది. చెంపలు కొద్దిగా నిండాయి. గొంతు తిరిగి వచ్చింది, దాంతోపాటు నా మీద తిట్లూ వచ్చాయి.

నెల తిరిగింది. గుంటూరు పోలేదు. బాగయిన మనిషిని మళ్లీ ఎందుకు తిప్పడం అన్నాడు మా ఆయన, నిజమే కదా అనుకున్నాను నేను. చీటీ మడతల దగ్గర చిరుగుతోందని లామినేషన్ చేయించాను. మా ఊళ్లో విలువైన కాగితం ఏదైనా అంతే, ఆధార్ అయినా, టీసీ అయినా, డాక్టరు చీటీ అయినా, ప్లాస్టిక్కులోకి పోవలసిందే. ‘నెల తర్వాత రండి’ అన్న వాక్యం కూడా దాని కిందే భద్రంగా ఉంది. మందుల షాపులో కుర్రాడు ఆ చీటీని చేతిలోకి కూడా తీసుకునేవాడు కాదు. దూరం నుంచి దాని మెరుపు చూసి మాత్రలు తీసి ఇచ్చేవాడు.

శివరాత్రి వచ్చింది. వదిన సంచీ సర్దుకుంది. నేను పంపలేదు.

“ఆడ నిన్ను పరగడుపున ఎవరు మింగనిస్తారు? పోయిన మర్నాడే నలుగురు చేరి ముందు సంగటి పెడతారు. మళ్లీ మొదటికి వస్తావు. ఉగాది పోనీ,” అన్నాను.

ఆమె మరిదితో ఫోన్లో, చదువుకున్న మరదలు కట్టేసింది, పలుపు తెంచుకోవాల అని చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. ఉగాది పోయింది. ఎండలు పోనీ అన్నాను. వానలు పడనీ అన్నాను. మాత్ర వేళలు తప్పుతాయన్న భయం తప్ప నా మనసులో ఇంకేమీ లేదు. ఉంటే బహుశా ఇదొక్కటి: ఆమె ఒక్కో గీతకు ఒక్కో కంచం ఖాళీ చేయడం చూడటం నాకు అలవాటైపోయింది.

సీతాఫలాల కాలంలో ఆమె మరిది గంపెడు కాయలు తీసుకుని వచ్చాడు. అప్పటికి కొన్ని రోజులుగా వదిన తిన్నాక గుమ్మంలో కూర్చుని దవడ ఆడిస్తూ ఉండేది. నోట్లో ఏమీ ఉండేది కాదు. పెదాలు మూసే ఉండేవి, కింది దవడ మాత్రం మెల్లగా పక్కకు పోయి వచ్చేది. నేను చూశాను. పళ్లలో ఏదో ఇరుక్కుందనుకున్నాను. అతను వచ్చి చెప్పులు విడుస్తూనే ఆమెను చూసి ఆగిపోయాడు. అతని ముసలి మొహమంతా విచ్చుకుంది.

“నెమరు తిరిగింది. ఇంక భయం లేదు,” అన్నాడు.

గొర్రెలు కాసేవాళ్లకు అంతకన్నా పెద్ద గుర్తు లేదు. పచ్చి చేలో పడి మేసి కడుపు ఉబ్బిన గొర్రె బతుకుతుందో లేదో చెప్పడానికి వాళ్లు జ్వరం చూడరు, కన్ను చూడరు. నెమరు చూస్తారు. నెమరు ఆగిందంటే పొట్ట ఆగినట్టు. దాని పక్కన కూర్చుని నూనె పట్టించి, డొక్క నిమురుతూ ఎదురు చూస్తారు. ఎప్పుడో ఒకసారి దవడ కదిలితే, నెమరు తిరిగిందని చెప్పి దొడ్డి తలుపు మూసి ఇంటికి పోతారు. ఇక దాన్ని కాపలా కాయనక్కర లేదు. పొట్ట ఆగిపోయిన మనిషికి దవడ ఆడటం మొదలైతే వాళ్లు ఇంకేమనుకోవాలి.

నేను ఊరుకోలేదు. మనిషికి నెమరు ఉండదన్నా, గొర్రె పొట్టకు నాలుగు అరలు, మన పొట్టకు ఒకటే అని చెప్పాను. నాలుగూ పేర్లతో సహా చెప్పాను. అతను ఓపిగ్గా విని, పేర్లదేముందిలే చెల్లెమ్మా, మనిషి నిండింది గదా అన్నాడు. వదిన నా వైపు తిరిగి, దవడ కావాలనే ఇంకొంచెం గట్టిగా ఆడించి చూపించింది. “జూడు, నువ్వు పెట్టిన గోంగూరంతా ఇప్పుడు నెమరేస్తన్నా,” అంది. అందరం నవ్వాం. నేను కూడా నవ్వాను. అరలు ఎన్ని అన్నదాని మీద అంత వాదించిన దాన్ని, దవడ ఎందుకు ఆడుతోందని ఒక్క మాట అడగలేదు. ఎందుకంటే లోపల నాకు కూడా సంతోషంగానే ఉంది. జువాలజీ ఒకటి చెబుతోంది, ఆమె నిండిన చెంపలు ఇంకొకటి చెబుతున్నాయి. నేను చెంపల్ని నమ్మాను. ఆ పూట పలక మీద గీత పెద్దగా గీశాను.

చలికాలానికి నాలుక కూడా కలిసింది. చప్పరించడం, పెదవి నాకడం, ఉన్నట్టుండి నాలుక కొస బయటికి రావడం. తాంబూలం అలవాటు చేసుకున్నావా అని పక్కింటావిడ అడిగింది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఒకటి రెండుసార్లు నాలుక కొరుక్కుని రక్తం వచ్చింది. పళ్ల డాక్టరుకు చూపిద్దామనుకున్నాం, వాయిదా పడింది. ఆమె చేతులు మాత్రం వణకలేదు. రోజూ చూసేదాన్ని, వణకలేదు.

కళ్లు మసకలంటే మార్కాపురంలోనే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చిన్న వయసు అమ్మాయి. యంత్రం మీద గడ్డం ఆనించి కదలకుండా ఉండమంది. వదిన గడ్డం ఆనించింది, దవడ నిలవలేదు. రెండోసారి, మూడోసారి.

“నమిలేది బయటికి పోయి ఉమ్మేసి రామ్మా,” అంది ఆ అమ్మాయి, విసుగ్గానే.

వదిన నోరు తెరిచి చూపించింది. ఏమీ లేదు. ఖాళీ నోట్లో నాలుక ఒక్కటే పురుగులాగా మెలికలు తిరుగుతోంది. వెలుతురు దానిమీదే పడుతోంది. అంత దగ్గరగా నేనూ అప్పుడే చూశాను. ఆ అమ్మాయి విసుగు పోయింది. యంత్రం పక్కకు జరిపి, ఏం మాత్రలు వాడుతున్నారని నన్ను అడిగింది. నేను చీటీ తీసి ఇచ్చాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని ప్లాస్టిక్కు మీద వేలు పెట్టి కిందికంటా చదివింది. ఎన్నాళ్లుగా అని అడిగింది. నాకు తెలియలేదు. నా దగ్గర ఉన్నది పలక, దాని మీద ఎప్పుడూ ఆ రోజు గీతలే ఉండేవి. ఆమే చీటీ మీద తేదీ చూసి నెలలు లెక్క పెట్టింది. ఏడాది దాటింది.

“నెలకు రాశారు కదండీ,” అంది మెల్లగా. తిట్టినా బాగుండేది. ఈ రోజు నుంచే ఆపేయండి, నరాల డాక్టరుకు చూపించండి అంది.

పొట్ట కోసం ఇచ్చిన మాత్ర మెదడులోకి పోయి, నోటిని ఆడించే చోట తిష్ఠ వేస్తుందట. ఎక్కువ రోజులు వాడితే, అందులోనూ ఆడవాళ్లకు, వయసు మళ్లినవాళ్లకు, చక్కెర ఉన్నవాళ్లకు, ఆ ప్రమాదం ఎక్కువట. మొదట్లో కనిపెడితే పోయే అవకాశం ఉంటుందట. మొదట్లో మేం సీతాఫలాలు తింటూ నవ్వుకున్నాం. నరాల డాక్టరు ఆపితే తగ్గవచ్చు, తగ్గకపోనూ వచ్చు అన్నాడు. ఆపిన కొత్తలో ఇంకాస్త పెరుగుతుంది, భయపడొద్దు అన్నాడు. ఆ పెరగడం మాత్రం ఆయన చెప్పినట్టే జరిగింది.

ఒకసారి ఆలోచిస్తే నాకు నిలువెల్లా మంట పుడుతుంది. అందరి ఇళ్లల్లోలాగా మా ఇంట్లో కూడా మాత్ర తిన్నాక వేసుకుని ఉంటే అది సగమో పావో పనిచేసేది. ఇంత గుణం కనబడేది కాదు. నెల తిరగ్గానే కక్కుకుంటూ మళ్లీ గుంటూరు పోయి ఉండేవాళ్లం. ఆయన ఏదో ఒకటి మార్చేవాడు. నేను ఒక్క పూట తప్పనివ్వలేదు, ఒక్క మాత్ర వృథా పోనివ్వలేదు. నా అంత శ్రద్ధగా ఆ మందు ఎవరూ పెట్టి ఉండరు. ఇది నేను ఎవరితో అన్నా, నీ తప్పేముందమ్మా అంటారు. వాళ్లతో వాదిస్తాను.

మాత్ర ఆపిన వారానికి పొట్ట మళ్లీ ఆగింది. గుంటూరు డాక్టరు ఈసారి నన్ను కూర్చోబెట్టి, ఉన్న మందులు నాలుగైదేనమ్మా, ఒక్కొక్కటే చూద్దాం అన్నాడు. మొదట ఎరిత్రోమైసిన్. గొంతు నొప్పికి ఇచ్చే మందే, కొద్ది మోతాదులో పొట్టను పిండుతుందట. మూడు వారాలు పిండింది. ఆమె మళ్లీ అర కంచం తింది. నాలుగో వారానికి పొట్ట దానికి అలవాటు పడిపోయింది. తర్వాత డొంపెరిడోన్. అది మెదడులోకి పెద్దగా పోదని చెబితే నాకు ఆశ పుట్టింది. పదో రోజున ఈసీజీ తీసి, ఆ గీతల మధ్య ఎడం పెరిగిందని, గుండె ఆగే ప్రమాదం ఉందని దాన్నీ ఆపించాడు. ఇంకొకటి పెద్దపేగు కోసం పుట్టిన మందు. పైగది తలుపు తియ్యమంటే అది కిందిగది తలుపు తీసింది. నాలుగు రోజుల విరేచనాలకు ఆమె లేచి నిలబడలేకపోయింది.

నోటి ఆటకు కూడా నరాల డాక్టరు ఒక మాత్ర ఇచ్చాడు. దానికి నోరు కాస్త నెమ్మదించింది. మనిషి కూడా నెమ్మదించింది. గోడవైపు తిరిగి పడుకునేది. మజ్జిగలో ఉప్పు మరిచిపోయి ఇచ్చినా ఏమీ అనలేదు. మర్నాడు కావాలనే ఉప్పు లేకుండా ఇచ్చాను. తాగింది, గ్లాసు పక్కన పెట్టింది. నాకు ఏడుపు వచ్చింది. డాక్టరుకు చెబితే అదీ ఆపించాడు. పది రోజులకు, నీళ్లు దండగ చేసినావు గదే, ఇది మజ్జిగంట అని తిట్టింది. దవడ యథాప్రకారం ఆడుతోంది.

ఇప్పుడు రోజుకు ఆరుసార్లు గంజి. చెంచాలతో. అది కూడా సగం రోజులు పైకే వస్తుంది. పలక మీద మాత్ర వేళలు తుడిచి గంజి వేళలు రాశాను. చిన్నపేగులోకి గొట్టం వేసి గంజి పోయవచ్చన్నారు. వద్దంది. గట్టిగా వాదించడానికి నాకు మొహం చెల్లలేదు. గొర్రెలు మరిది మందలో కలిసిపోయాయి. ఈసారి శివరాత్రి వచ్చి పోయినట్టు కూడా ఎవరం గుర్తు చేసుకోలేదు.

మొన్న మరిది వచ్చాడు. ఆమె తినేది ఏమీ లేదని తెలుసు కాబట్టి చేతులూపుకుంటూ వచ్చి, అందుకు సిగ్గుపడ్డాడు. మాత్ర సంగతీ మెదడు సంగతీ అతనికి మేమెవరం చెప్పలేదు. పొట్ట మళ్లీ మొరాయించిందని మాత్రమే తెలుసు. మొదటి ఈతకు కష్టపడిన గొర్రె ఈసారి రెండు పిల్లల్ని వేసిందని, రెండూ ఆడవేనని చెప్పాడు. మంచం మీద ఎముకల గూడులాగా కూర్చుని ఆమె వింటోంది. కొంగు అడ్డం పెట్టుకోలేదు. దవడ పక్కకు పోతోంది, వస్తోంది. అతను కాసేపు దాన్నే చూశాడు.

“మనిషివి చిక్కినావు గానీ నెమరు మాత్రం బాగుంది వదినా. నెమరుంటే ఏం గాదు. తోలుకపోదునా?”

నేను నోరు తెరిచాను. నాలుగు అరల దగ్గర మొదలుపెట్టి, చీటీ, పలక, కళ్ల డాక్టరు, అంతా ఒక్క ఊపున చెప్పేయబోయాను. వదిన నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. గొర్రెను కదలకుండా పట్టే నొక్కుడు అది. ఒంట్లో ఇంకేమీ మిగలకపోయినా ఆ చేతిలో అది మిగిలే ఉంది.

“ఉండబ్బయ్యా, ఎండలు తగ్గనీ. ఇంకో రెండు కేజీలు ఎక్కాల,” అంది.

సరే అన్నాడు అతను. బస్సుకు వేళవుతోందని లేచాడు. గుమ్మం దిగేటప్పుడు నాకు ధైర్యం చెప్పి పోయాడు.

అతను మలుపు తిరిగేదాకా ఆగి, ఎందుకు చెప్పనివ్వలేదని ఆమె మీద లేచాను. ఎన్నాళ్లని అతన్ని మభ్యపెడతావు, నిజం తెలియాలి కదా అన్నాను.

“వాడు నెమరు జూసి దొడ్డి తలుపేసుకునేటోడు. అది గూడ తప్పని చెప్తివనుకో, మందలో రేపొక గొర్రె ఉబ్బితే ఇంక దేన్ని నమ్మాల వాడు? నువ్వు జెప్పే నాలుగు పేర్లనా?”

గంజి వేళయింది. చల్లార్చి, జల్లెడ పట్టి తెచ్చాను. రెండు చెంచాలు తాగింది. మూడోది పెదవి దాకా పోయాక తల తిప్పేసింది. గంజి గడ్డం మీదుగా కారింది, తుడిచాను. నా చేతి కింద కూడా దవడ ఆగలేదు. వంటింట్లోకి పోయి పలక మీద ఆ వేళ పక్కన సగం గీత గీశాను.